పక్క తడిపింది పగతో కాదండీ

మూగజీవాల ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఆవులూ మేకలూ తక్కువ, పిల్లులే ఎక్కువ. పిల్లలు చదువులకని వైజాగో భువనేశ్వరో బస్సెక్కేసే సీజన్ కదా, ఇంట్లో మిగిలిన పిల్లి తిండి మానేసిందనో పక్కమీద పోసేసిందనో రాయగడ నుంచి బరంపురం దాకా ఒకటే గోల. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే. పేర్లు వెయ్యొద్దని కొందరు రాశారు, మేం ఎవరివీ వెయ్యలేదు, ఊరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది రాయగడ. మా అమ్మాయి తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు వానలో తడుస్తున్న పిల్లిపిల్లని ఇంటికి తెచ్చింది, మగది, బన్నీ అని పిలుస్తాం. అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకే మంచం, చేపముక్క కూడా దాని కంచంలోంచే వాడికి. ఇప్పుడు అమ్మాయి ఇంజనీరింగ్‌కి వైజాగ్ వెళ్ళి హాస్టల్లో ఉంది. వెళ్ళిన దగ్గర్నుంచీ సాయంత్రం ఆటో వచ్చే టైముకి వీడు గేటు దగ్గర కూర్చుంటాడు, చీకటి పడినా లోపలికి రాడు. పెట్టింది సగం కూడా తినట్లేదు. మూడోరోజు అమ్మాయి పక్కమీద ఉచ్చ పోసేశాడు, దుప్పటి మారిస్తే మళ్ళీ అక్కడే. మా అత్తగారేమో "పిల్లికి పగ ఎక్కువే, ఒగ్గీసి ఎల్లిపోనాదని కచ్చ తీర్సుకుంతంది, ఇలాటిది ఇంట్లో ఉంటే అరిష్టం, నాగావళి అవతల దింపీసి రండి" అంటున్నారు. మా ఆయనేమో పిల్లికి ఇల్లు కావాలి గానీ మనుషులెందుకు, నాలుగురోజులు పోతే అదే మర్చిపోతుంది అంటారు. ఎవరి మాట వినాలో తెలీట్లేదు.

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి ముందు ఒక పని చెయ్యండి, బన్నీ ఉచ్చ పోసేటప్పుడు ఒకసారి దగ్గరుండి చూడండి. ధారగా వస్తోందా, లేకపోతే కూర్చుని కూర్చుని ముక్కుతున్నాడా, రెండు చుక్కలు పడి ఆగిపోతోందా, ఎర్రగా ఉందా, అయ్యాక అక్కడే పదేపదే నాక్కుంటున్నాడా. దిగులుపడ్డ పిల్లికి మూత్రాశయం వాచిపోవడం మేం తరచుగా చూసేదే, ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే వస్తుంది అది, పైగా మగపిల్లికి మూత్రనాళం మరీ సన్నం కాబట్టి అది మూసుకుపోయిందంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముక్కుతున్నాడు గానీ చుక్క రావట్లేదు అంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఎక్కడ డాక్టర్ దొరికితే అక్కడికి తీసుకుపొండి. ధార బాగానే ఉంటే కూడా ఒకసారి మూత్రం టెస్ట్ చేయించండి, బెంగ అని మనం అనుకుంటూ ఉంటే లోపల రాయి ఉండొచ్చు.

తిండి సంగతి. సగం తింటున్నాడు అన్నారు, ఫరవాలేదు, కానీ అది తగ్గుతూ తగ్గుతూ సున్నాకి రాకుండా చూసుకోవాలి. కుక్క నాలుగు రోజులు పస్తున్నా మళ్ళీ లేచి తిరుగుతుంది, పిల్లి ఒంటి తీరు వేరు. రెండు మూడు రోజులు అసలేమీ తినకపోతే, అందులోనూ కాస్త బొద్దుగా ఉన్న పిల్లయితే, ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలో పేరుకుపోయి కాలేయం చేతులెత్తేస్తుంది, అప్పుడు చెవి లోపలివైపూ చిగుళ్ళూ పసుపుపచ్చగా కనపడతాయి, ఆ దశలో గొట్టం వేసి వారాల తరబడి తినిపించాల్సి వస్తుంది. అందుకే పూర్తిగా ఒక రోజు ముట్టకపోతే ఫోన్ చెయ్యమంటాం. ఈలోగా తిండి కొంచెం గోరువెచ్చగా చేసి పెట్టండి, పిల్లి వాసన చూసే తింటుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చేప దానికి మట్టితో సమానం. ఉప్పు లేకుండా ఉడికించిన చికెనో, ఆ ఉడికించిన నీళ్ళో అన్నంమీద పోసినా చాలా పిల్లులు ఒప్పుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ కూర మాత్రం వద్దు, వాటి రక్తం పాడవుతుంది.

ఇక మీ ఇంట్లో తగువు. మీ ఆయన అన్నది మన పెద్దవాళ్ళు తరతరాలుగా అంటున్న మాటే, కుక్కది మనిషితో పొత్తు, పిల్లిది ఇంటితో పొత్తు అని. కానీ అది పూర్తిగా నిజం కాదు. 2019లో అమెరికాలో ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పసిపిల్లలకి తల్లితో ఉన్న బంధాన్ని చూసే పరీక్షనే తిరగేసి పిల్లులకి పెట్టారు. కొత్త గదిలో యజమానితో రెండు నిమిషాలు, తర్వాత ఒంటరిగా రెండు నిమిషాలు, మళ్ళీ యజమాని వచ్చాక ఇంకో రెండు నిమిషాలు, అంతే. మనిషి కనపడగానే కుదుటపడి, ఒకసారి వచ్చి రాసుకుని, మళ్ళీ తన ఆటలో తను పడ్డవాటిని గట్టి బంధం ఉన్న పిల్లులని లెక్కేశారు. పిల్లిపిల్లల్లో 64 శాతం, పెద్ద పిల్లుల్లో దాదాపు 66 శాతం అలా తేలాయి, మనుషుల పసిపిల్లల్లో వచ్చే లెక్క కూడా ఇంచుమించు ఇంతే. అయితే మీ ఆయనకీ ఒక సాక్ష్యం ఉందండోయ్, 2015లో ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి పరీక్షే పెడితే, పిల్లి తన భద్రత కోసం యజమాని మీద ఆధారపడినట్టు కనపడలేదన్నారు. నా మటుకు నాకు రెండూ కలిపి చదివితే అర్థమయ్యేది ఏంటంటే, పిల్లికి మనిషి మీద ఇష్టం ఉంటుంది గానీ అది కుక్కలాగా మీదపడి ఏడ్చి చూపించదు, ఒంటరిగా వేటాడుకు బతికిన జాతి అది, భయం వేస్తే ముందు మూల వెతుక్కుంటుంది, మనిషిని తర్వాత వెతుక్కుంటుంది. అందుకే దాని బెంగ మనకి కళ్ళల్లో కనపడదు, తిండి గిన్నెలోనూ ఇసుక ట్రేలోనూ కనపడుతుంది.

అత్తగారి పగ సంగతికి వద్దాం. పగే అయితే బన్నీ ఆవిడ పక్కమీద పోసుండాలి కదమ్మా, నాగావళి అవతల దింపమన్నది ఆవిడే కదా. 2002లో అమెరికా పశువైద్య సంఘం వాళ్ళ జర్నల్‌లో యజమానులు లేనప్పుడు బెంగపడే పిల్లుల రికార్డులు 136 తీసి చూశారు, అన్నిటికంటే ఎక్కువ కనపడ్డ లక్షణం ట్రేలో కాకుండా వేరేచోట ఉచ్చ పొయ్యడమే, అలా పోసినవాటిలో నూటికి 75 యజమాని పడుకునే పక్కమీదే పోశాయి. మీ అమ్మాయి వాసన ఇంట్లో అన్నిటికంటే గట్టిగా మిగిలి ఉన్న చోటు ఆ పరుపే. కంగారుపడ్డ పిల్లి తనకి బాగా తెలిసిన వాసన దగ్గరికి వెళ్ళి తన వాసన కూడా కలుపుకుంటుంది, మనకది కంపు, దానికి ధైర్యం. తిడితే ఏమవుతుంది? ఉన్న మనిషి వెళ్ళిపోయింది, మిగిలిన మనుషులు అరుస్తున్నారు అని ఇంకా నాలుగుచోట్ల పోస్తుంది. ముక్కు దానికేసి రాయడం, చీపురు చూపించడం లాంటివి ఎవరైనా చేస్తుంటే ఇవ్వాళే ఆపించండి.

పరుపు కడిగేటప్పుడు ఫినాయిల్ వాడకండి, ఫినాల్ ఉన్న మందులు పిల్లికి విషం, కాళ్ళకంటింది నాక్కుంటే చాలు. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, వాటి వాసన దానికి ఉచ్చ వాసనలాగే తగిలి మళ్ళీ అక్కడికే వస్తుంది. సర్ఫ్ నీళ్ళతో కడిగి, తర్వాత వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, మంచి ఎండలో పడెయ్యండి, ఎంజైమ్ క్లీనర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, అవి ఇంకా నయం. ఆరాక పరుపు మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి ఉంచండి కొన్నాళ్ళు. ఆ గది తలుపు మాత్రం మూసెయ్యకండి, చాలామంది చేసేది అదే, వాడికున్న ఆ కాస్త వాసనా లాగేసుకున్నట్టవుతుంది. అమ్మాయి ఉతక్కుండా వదిలేసిన టీషర్టో చున్నీయో ఉంటే ఒక అట్టపెట్టెలో వేసి వాడు పడుకునే చోట పెట్టండి, లేకపోతే ఈసారి వైజాగ్ నుంచి ఎవరైనా వస్తుంటే రెండు వాడిన బట్టలు కవర్లో కట్టి పంపమనండి, హాస్టల్ పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి. ఇసుక ట్రే ఇంకోటి పెట్టండి, ఆ గది దగ్గర్లోనే, ఊకో రంపపు పొట్టో దేనికి అలవాటైతే అదే.

అన్నిటికంటే ముఖ్యం సాయంత్రం. ఆటో టైముకి గేటు దగ్గర కూర్చుంటున్నాడు అని రాశారే, ఆ టైముకి అమ్మాయి వచ్చి ఏం చేసేదో గుర్తుతెచ్చుకోండి, బ్యాగు పడేసి వాడితో ఆడేదా, బిస్కెట్ ముక్క పెట్టేదా, మేడమీదికి తీసుకెళ్ళేదా. పిల్లికి గడియారం అంటే అలవాట్లే, ఆ గంటలో ఏమీ జరక్కపోవడమే వాడికి పెద్ద లోటు. అదే టైముకి మీరు గాని మీవారు గాని ఒక తాడుకి గుడ్డపీలిక కట్టి పదిహేను నిమిషాలు లాగుతూ ఆడించండి, ఆట అయ్యాక తిండి పెట్టండి, వేటాడింది, తిన్నది, నాక్కుంది, పడుకుంది అనే వరస వాడి ఒంట్లో ఉన్నదే, అది నడిస్తే మనసు కుదుటపడుతుంది. మీ ఆయనకే ఈ డ్యూటీ అప్పజెప్పండి, రోజూ ఎవరు ఆడిస్తే వాళ్ళకోసమే గేటు దగ్గర కూర్చుంటాడు కొన్నాళ్ళకి, అప్పుడు ఆయనే చెప్తారు పిల్లికి మనుషులు కావాలో వద్దో.

ఫోన్ స్పీకర్లో అమ్మాయి గొంతు వినిపించమంటారా అని కొందరు అడుగుతుంటారు. యజమాని గొంతుని పిల్లులు గుర్తుపడతాయి, 2013లోనే జపాన్ వాళ్ళు దీన్ని పరీక్షించి చూశారు, పిల్లులు కదలవు మెదలవు గానీ చెవి అటు తిప్పుతాయి. 2021లో క్యోటో వాళ్ళు ఇంకో అడుగు వేశారు, యజమాని గొంతు ఒక స్పీకర్లోంచి వినిపించి, వెంటనే ఆ మనిషి ఉండటానికి వీల్లేని వేరే చోటినుంచి వినిపిస్తే పిల్లులు ఆశ్చర్యపోయాయట, అంటే మనం కనపడకపోయినా మనం ఎక్కడున్నామో లెక్క వేసుకుంటూ ఉంటాయి. కాబట్టి ఒకసారి చేసి చూడండి, విని కళ్ళు మూసుకుని పడుకుంటే మంచిదే, ఫోన్ వెనకాలా మంచం కిందా వెతుక్కుంటూ కాలుగాలిన పిల్లిలా తిరిగితే ఆపెయ్యండి.

ఇలా చేస్తే రెండు మూడు వారాల్లో తేడా కనపడాలి, కనపడకపోతే మందులున్నాయి, డాక్టర్ దగ్గర మాట్లాడుకుందాం. దసరాకి అమ్మాయి వచ్చినప్పుడు వాడు మొహం తిప్పుకుని అటకెక్కి కూర్చున్నా ఏడవొద్దని చెప్పండి, మీదపడి ఎత్తుకోకుండా కింద కూర్చుని మెల్లిగా కళ్ళార్పుతూ ఉంటే వాడే వస్తాడు. ఇంకో సంగతి, పెంచిన జంతువుని బయట వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, అత్తగారికి అరిష్టం గురించి కాకుండా పోలీసుల గురించి చెప్పండి.

ప్రశ్న: సర్, మేం గుణుపూర్‌లో ఉంటాం, మా అత్తవారిది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి ఐదారు రోజులు వెళ్తాం. మా చిన్నిని బుట్టలో పెట్టి రైల్లో తీసుకెళ్ళాలా, లేకపోతే పెద్ద గిన్నెనిండా డ్రై ఫుడ్డూ బకెట్‌లో నీళ్ళూ పెట్టి తాళం వేసుకుపోతే సరిపోతుందా? పిల్లి కదా, ఎలాగోలా ఉంటుంది అంటున్నారు అందరూ.

జవాబు: ఇప్పట్నుంచే అడిగారు, బాగుంది, చాలామంది భోగి ముందురోజు ఫోన్ చేస్తారు. చిన్నిని ఇంట్లోనే ఉంచండి, కానీ తాళం వేసి కాదు. పండగ ఇంట్లో తెలియని మనుషులు ముప్ఫైమంది, కోళ్ళు, ఊరకుక్కలు, భోగిమంట, మైకులు, వీటి మధ్య బుట్టలోంచి దూకి పొలాలకడ్డం పడిందంటే దాన్ని వెతుక్కుంటూనే మీ కనుమ అయిపోతుంది. ఇల్లయితే దానికి ప్రతి మూలా తెలుసు.

ఐదారు రోజులు ఒక్కదాన్నే వదిలెయ్యడం మాత్రం కుదరదు. గిన్నెనిండా పోసి వెళ్తే మొదటిరోజే సగం తినేస్తుంది, మిగిలినదానికి చీమలు పడతాయి, చీమ పట్టిన తిండి పిల్లి ముట్టదు. ట్రే నిండిపోతే బయట పోస్తుంది, మీరొచ్చి దాన్నే తిడతారు. అసలు భయం అది కాదు, అది రెండోరోజు జబ్బుపడితే ఆరోరోజుదాకా ఎవరికీ తెలీదు. పక్కింటి మావుసీనో కింద వాటా పిల్లాడినో రోజుకి రెండుసార్లు రమ్మనండి, ఒడియావాళ్ళకి పండగ అదే రోజు కదా అని మొహమాటపడకండి, మకర సంక్రాంతి వాళ్ళు ఉన్నఊళ్ళోనే చేసుకుంటారుగా, ఉంటారు. వచ్చినవాళ్ళు గిన్నె పెట్టేసి పరుగెత్తకుండా పావుగంట కూర్చోవాలి, అది పలకరిస్తే పలకరించాలి, ఎంత తిన్నది, ఎంత పోసింది అని మీకొక వాట్సాప్ పెట్టాలి. మీరు వెళ్ళే ముందు వారంలో మీరుండగానే నాలుగైదుసార్లు వాళ్ళచేత తిండి పెట్టించండి, మీరు చిన్నీ అని ఎలా పిలుస్తారో వాళ్ళూ అలాగే పిలవాలి, పిల్లులకి తమ పేరు తెలుసునని 2019లో జపాన్‌లోనే తేల్చారు, వాళ్ళొచ్చి ఒడియాలో పిల్లిని పిలిచినట్టు బిలేయి బిలేయి అంటే మంచం కిందనుంచి రాకపోవచ్చు.

నీళ్ళు బకెట్‌లో వద్దు, చిన్ని అందులో తలకిందులుగా పడితే కష్టం, రెండు వెడల్పు గిన్నెల్లో రెండు చోట్ల పెట్టండి. కిటికీ మెష్ ఒకసారి చూసుకోండి. జనవరిలో మీ వైపు కొండగాలి చలి బాగానే ఉంటుంది కాబట్టి మీరు కప్పుకునే పాత దుప్పటి ఒకటి ఉతక్కుండా దాని చోట పరిచి వెళ్ళండి.

మీరు తిరిగొచ్చాక అది కాళ్ళకడ్డంపడి అరుస్తూ గురగుర మంటూ ఉంటే చాలా బెంగపడిందని కంగారుపడకండి. స్వీడన్‌లో 14 పిల్లుల్ని అరగంట ఒకసారీ నాలుగు గంటలు ఒకసారీ ఒంటరిగా ఉంచి చూశారు, 2017లో అచ్చయింది, ఎక్కువసేపు వదిలి వచ్చినప్పుడే ఎక్కువ గురగురమన్నాయి, ఎక్కువ ఒళ్ళు విరుచుకున్నాయి, అంటే తేడా తెలుసు వాటికి, అంతవరకే.

ప్రశ్న: నమస్తే అండి, జయపురం నుంచి రాస్తున్నా. అద్దె ఇల్లు మారాం, పాత ఇంటికి రెండు కిలోమీటర్లు ఉండదు. మా పిల్లి మూడుసార్లు పాత ఇంటికి పారిపోయింది, కొత్తగా దిగినవాళ్ళు ఫోన్ చేసి తీసుకెళ్ళమంటున్నారు, మొహం చెల్లట్లేదు. మేమంటే ఇష్టం లేదా దానికి?

జవాబు: ఇష్టం ఉంది, దారి కూడా గుర్తుంది, అదే వచ్చిన చిక్కు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు అని మనం అంటాం గానీ అది దాని ఇష్టంతో తిప్పుతుంది, మనం తిప్పితే ఊరుకోదు. మీరు దిగగానే తలుపులు బార్లా తీసి సామాను మోసుంటారు, అది ఆ గోలకి భయపడి తనకి తెలిసిన చోటికి పోయింది. ఈసారి తెచ్చాక కనీసం మూడు వారాలు గడప దాటనివ్వకండి. మొదటి నాలుగు రోజులు ఒకే గదిలో, దాని పాత గోనెపట్టా, దాని గిన్నె, కడగని పాత సోఫా కవరు, అన్నీ అందులోనే, తర్వాత ఒక్కో గదీ తెరవండి. మెత్తటి కాటన్ గుడ్డతో దాని బుగ్గలు నిమిరి ఆ గుడ్డతోనే కొత్త ఇంటి తలుపుల అంచులూ బల్లకాళ్ళూ పిల్లి ఎత్తున రాయండి, బుగ్గల దగ్గర గ్రంథులుంటాయి, ఆ వాసన ఉన్నచోట అది నా ఇల్లే అనుకుంటుంది.

పాత ఇంట్లోవాళ్ళకి స్వీటు డబ్బా ఒకటి ఇచ్చి, పొరపాటున కూడా తిండి పెట్టొద్దని, లోపలికి రానివ్వొద్దని చెప్పండి. జాలిపడి ఒక్క చేప తల వేశారంటే మీ మూడు వారాలూ గోవిందా. ఆపరేషన్ చేయించని మగదయితే మాత్రం ఇల్లు మారడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, ఆ పని ముందు చేయించండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా నాయనమ్మ పోయి నెల దాటింది. ఆవిడ పెంచిన పిల్లి, పదమూడేళ్ళది, ఆవిడ నులకమంచం మీదే కూర్చుంటుంది, రాత్రిళ్ళు రెండింటికీ మూడింటికీ లేచి గట్టిగా అరుస్తుంది. దినాలకి వచ్చినవాళ్ళు ఆవిడ ప్రాణం దీన్లోనే ఉంది, కొట్టొద్దు అని కొందరు, ఆ మంచం పారేస్తే గానీ పిల్లి వదలదు అని కొందరు. మా నాన్న ఆ అరుపు వినలేక హాల్లో పడుకుంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, మంచం ఇప్పుడే పారెయ్యకు. నాన్నగారికి చూడటం కష్టంగా ఉంటే గది మార్చు, కానీ మంచం, దానిమీద పాత చీర ఒకటి, అలాగే ఉండనీ. మీరు దినాలకి ఇల్లంతా కడిగేసి ఉంటారు, బట్టలు పంచేసి ఉంటారు, పిల్లి లెక్కలో మనిషి ఒక్కసారిగా పోలేదు, మనిషీ, వాసనా, పొద్దున ఐదింటికి పాలప్యాకెట్ కత్తిరించే చప్పుడూ, ఒడిలో వెచ్చదనమూ అన్నీ ఒకే వారంలో పోయాయి.

చావంటే ఏమిటో దానికి తెలుసా అంటే ఎవరూ చెప్పలేరు. 2024లో అమెరికాలో ఓక్లండ్ యూనివర్సిటీ వాళ్ళు ఇంట్లో తోటి జంతువు చనిపోయాక పిల్లులు ఎలా ఉన్నాయని యజమానుల్నే అడిగి రాశారు, తిండీ నిద్రా ఆటా తగ్గాయి, పోయినదాన్ని వెతుకుతున్నట్టు తిరిగాయి, మనుషుల్ని ఎక్కువ అంటిపెట్టుకున్నాయి అని వచ్చింది. అయితే అందులోనే ఇంకో మాట ఉంది, ఎక్కువ దుఃఖపడ్డ యజమానులకే పిల్లి దుఃఖం కూడా ఎక్కువ కనపడిందట. అది ఎందుకు చెప్తున్నానంటే, మీ ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు కాబట్టి పిల్లి అరుపుని మీరందరూ ఏడుపుగానే వింటున్నారు.

పదమూడేళ్ళ పిల్లి రాత్రిళ్ళు అరిస్తే నేను ముందు అనుమానించేది థైరాయిడ్, బీపీ, కిడ్నీలు, చెవుడు, ఆ తర్వాత ముసలితనపు మతిమరుపు. నాయనమ్మ పక్కన పడుకున్నన్నాళ్ళూ అరిస్తే ఆవిడ చెయ్యి వేసి జోకొట్టి ఉంటుంది, మీకు తెలిసి ఉండదు, ఇప్పుడు జోకొట్టే చెయ్యి లేదు కాబట్టి అరుపు హాలుదాకా వినపడుతోంది. ఈ నెలలో చిక్కిపోయిందా, నీళ్ళు ఎక్కువ తాగుతోందా, గెంతాల్సినచోట తడబడుతోందా చూడు. రక్తపరీక్ష చేయించు, మీ ఊళ్ళో కుదరకపోతే బరంపురంలో చేస్తారు, పిల్లికి నాలుగు చుక్కలే తీస్తారు. పడుకునే ముందు కొంచెం తిండి పెట్టు, వరండాలో చిన్న బెడ్‌లైట్ వెయ్యి, ముసలి పిల్లికి చీకట్లో దారి తప్పుతుంది. తర్వాత రోజూ ఇంట్లో ఒకరు, నువ్వే అనుకో, ఆవిడ కూర్చునే టైముకి ఆ మంచం మీద కూర్చుని పేపర్ చదువు. ఒళ్ళోకి తీసుకోవద్దు, అది ఎక్కితే ఎక్కనీ.

ప్రాణం దీన్లో ఉందన్నవాళ్ళతో వాదించకు. దాన్ని కొట్టకుండా చూసుకునే నమ్మకం ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: అన్నా, నేను సూరత్‌లో మగ్గం పని చేస్తా, ఇల్లు బరంపురం. రెండేళ్ళ కిందట పిల్లిపిల్లని మార్కెట్ నుంచి తెచ్చింది నేనే, పాలసీసాతో పెంచింది నేనే ఇరవై రోజులు. ఇప్పుడు పది నెలలకోసారి ఇంటికొస్తే నన్ను చూసి బీరువా వెనక్కి పోతుంది, మా ఆవిడ దగ్గరకి నేను వెళ్తే బుస కొడుతుంది. మనుషులకంటే అన్యాయంగా ఉంది.

జవాబు: తమ్ముడూ, పిల్లిపిల్లకి సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషులు అలవాటయ్యే వయసు, ఆ రోజుల్లో నీ చెయ్యి తగలబట్టే అది ఇవ్వాళ ఇంట్లో మనుషుల దగ్గర ఉంటోంది, ఆ పుణ్యం నీదే. కానీ పది నెలలంటే రెండేళ్ళ పిల్లికి సగం జీవితం దగ్గరకి వస్తుంది. నువ్వొచ్చేసరికి వేరే సబ్బు, రైలు వాసన, పెద్ద బ్యాగు, పెద్ద గొంతు, పైగా దాని చోటు మంచంమీద నువ్వు పడుకుంటున్నావు. దానికి నువ్వు చుట్టంకింద లెక్క.

ఈసారి వస్తున్నప్పుడు ముందుగా నీ పాత చొక్కా ఒకటి బీరువాలోంచి తీసి దాని చోట వెయ్యమని మీ ఆవిడకి చెప్పు. వచ్చాక మొదటి రెండు రోజులు దానికేసి చూడకు, పిలవకు, బీరువా వెనక చెయ్యి అస్సలు పెట్టకు, రక్కితే నాకూ నీకూ ఇంజెక్షన్ గోల. మూడోరోజునుంచి తిండి నువ్వు పెట్టు, మీ ఆవిడ పెట్టకూడదు. నెత్తళ్ళు ఒక్కోటి ఒక్కోటి నేలమీద నీకు దగ్గరగా జరుపుతూ వెయ్యి, నీ కాలి దగ్గర తినేదాకా. అది కళ్ళల్లోకి చూస్తే నువ్వు మెల్లిగా కళ్ళు మూసి తెరువు, ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో ఇది పరీక్షించారు, అలా చేసిన కొత్త మనుషుల దగ్గరికి కూడా పిల్లులు ఎక్కువ వచ్చాయి. వెళ్ళిపోయే ముందురోజు హడావిడిగా ఎత్తుకుని ముద్దులు పెట్టకు, అప్పటిదాకా చేసింది పాడవుతుంది.

ప్రశ్న: ఒక్కతే ఉంటోందని తోడుకి ఇంకో పిల్లిని తెస్తే బెంగ పోతుందా? (కొరాపుట్)

జవాబు: ఎక్కువసార్లు బెంగ పోదు, గొడవ వస్తుంది. మనిషి కోసం బెంగపడ్డ పిల్లికి కొత్త పిల్లి ఇంకో తలనొప్పి. బ్రెజిల్‌లో 2020లో అచ్చయిన ఒక సర్వేలో 223 పిల్లుల్లో 13 శాతానికి మనిషి లేనప్పటి ఇబ్బందులు కనపడ్డాయి, ఆటవస్తువులు లేని ఇళ్ళలోనూ వేరే జంతువు లేని ఇళ్ళలోనూ ఎక్కువ అని తేలింది నిజమే, కానీ ముందునుంచీ తోడున్నది వేరు, ఇప్పుడు కొత్తగా తేవడం వేరు. ముందు ఆటవస్తువుల సంగతి చూడండి, అట్టపెట్టెకి కన్నాలు పెట్టి లోపల డ్రై ఫుడ్ గింజలు వేస్తే అది చెయ్యి పెట్టి లాక్కుంటుంది, ఖర్చు సున్నా. తర్వాత కూడా తేవాలనుంటే ఇద్దర్నీ వేరు వేరు గదుల్లో పెట్టి వాసన మార్పిడితో మొదలెట్టాలి, అది ఇంకో నెల రాస్తాను.

ప్రశ్న: ప్రయాణాల్లో అరవకుండా మా అమ్మ తన నిద్రమాత్ర పావు ముక్క, జ్వరంగా అనిపిస్తే డోలో ముక్క పిల్లికి వేస్తుంది. పరవాలేదా? (రాయగడ)

జవాబు: రెండూ ఇవ్వాళే ఆపించండి. డోలోలో ఉండే పారాసిటమాల్ పిల్లికి విషం, దాన్ని విరగ్గొట్టుకునే శక్తి వాటి కాలేయానికి లేదు, ముక్కయినా చంపుతుంది, ఎప్పుడైనా పొరపాటున పడి మొహం ఉబ్బినా చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగినా నిమిషం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మనుషుల నిద్రమాత్ర కూడా అంతే, ఏది ఎంత అన్నది అమ్మగారు చూసి వేసేది కాదు. ప్రయాణానికి పిల్లులకి ఇచ్చే మందులు వేరే ఉన్నాయి, గాబాపెంటిన్ లాంటివి, బరువు చూసి డాక్టర్ రాస్తారు, మొదటిసారి ఇంట్లో ఉండగా వేసి చూసుకుని తర్వాతే ప్రయాణంలో వాడాలి.